'డెవలప్' మాటలో నొక్కు ఎక్కడ?

మండలాఫీసులో కూర్చునే ఎంపీడీవో పేరులోని 'డీ'ని విప్పితే వచ్చే మాట డెవలప్‌మెంట్. డ్వాక్రాలో మొదటి అక్షరం కూడా అదే. హెచ్‌ఎండీఏలో, సీఆర్‌డీఏలో ఉన్న 'డీ' అదే. పాత ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంటు కట్టించుకునేవాళ్లు 'బిల్డరుకి డెవలప్‌మెంటుకిచ్చాం' అంటారు. ఊరికి తారురోడ్డు పడితే డెవలపైందంటారు, పిల్లవాడు లెక్కల్లో కాస్త పుంజుకుంటే డెవలపయ్యాడంటారు. 1952 అక్టోబరు 2న కమ్యూనిటీ డెవలప్‌మెంట్ కార్యక్రమం మొదలై, పల్లెల్ని బ్లాకులుగా విడదీసి బీడీవోలను వేసినప్పటి నుంచి ఈ మాట మన ఊళ్లలో తిరుగుతోంది. ఇవాళ మాదాపూర్‌లోనో డాలస్‌లోనో ఉద్యోగం చేస్తున్న తెలుగు కుర్రవాణ్ని 'ఏం చేస్తున్నావు నాన్నా' అని అడిగితే, 'సాఫ్ట్‌వేర్ డెవలపర్‌నండీ' అనే జవాబు ఎన్నిసార్లు వింటామో మీకూ తెలుసు.

తెలుగులో మాట్లాడుతున్నప్పుడు దీన్ని ఎలా పలికినా ఇబ్బంది లేదు. అది మన మాట అయిపోయింది, మన నోటికి తగ్గట్టు మారింది, అలాగే ఉండాలి. ఇంగ్లీషు మాట్లాడేటప్పుడే చిక్కు వస్తుంది. నేను తెనాలి దగ్గర ఒక డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల ఇంజినీరింగ్ ఫైనలియర్ పిల్లల్ని క్యాంపస్ ఇంటర్వ్యూలకు సిద్ధం చేస్తుంటాను. మీ ప్రాజెక్టు గురించి చెప్పమని అడగ్గానే వాళ్ల నోట వచ్చే మొదటి వాక్యం దాదాపుగా ఇది: 'ఐ హావ్ డెవలప్డ్ ఎ వెబ్ అప్లికేషన్.' ఆ వాక్యంలో అసలు పని చెప్పే మాట ఏదో, సరిగ్గా ఆ మాట దగ్గరే విదేశీ శ్రోతకు పట్టు తప్పుతుంది. అందుకే ఏ బ్యాచ్‌కైనా నేను మొదట నేర్పేది ఈ ఒక్క మాటే.

ఇంగ్లీషులో డెవలప్‌కు మూడు భాగాలు: డి, వెల్, అప్. నొక్కు పడేది మధ్యలో ఉన్న 'వె' మీద. ముందున్నది 'డె' కాదు, 'డి'. అదీ చాలా పొట్టిగా, పలికీ పలకనట్టు. చివర ఉన్న 'అప్'లో అచ్చు మన నిండు 'అ' కాదు. నోరు పెద్దగా తెరవకుండా, పెదవులకూ నాలుకకూ పని చెప్పకుండా వదిలేసే ఒక సన్నని ధ్వని. ధ్వనిశాస్త్రంలో దాన్ని ష్వా అంటారు, నిఘంటువుల్లో తలకిందులు చేసిన చిన్న 'ఈ' అక్షరంతో సూచిస్తారు. ఇంగ్లీషులో అన్నిటికంటే ఎక్కువగా వినబడే అచ్చు అదే. ఇరవయ్యారు అక్షరాల్లో మాత్రం దానికంటూ ఒక అక్షరం లేదు, అందుకే పుస్తకం చూసి ఇంగ్లీషు నేర్చుకున్న మనకు అది చేరలేదు. స్పెల్లింగులో 'ఓ' కనబడుతుంది కాబట్టి కొందరు పిల్లలు 'డెవలోప్' అంటారు, ఇంకొందరు 'డెవలాప్‌మెంట్' అని సాగదీస్తారు. ఎక్కువమంది మాత్రం 'డె'నీ 'వ'నీ 'ల'నీ ముగ్గురు అన్నదమ్ములకు ఆస్తి పంచినట్టు సమానంగా పలికి, చివర 'లప్' దగ్గర ఆగి బలమిస్తారు.

మనం 'లప్' దగ్గరే ఎందుకు బలమిస్తాం? దీనికి జవాబు నాకు ఇంగ్లీషు ధ్వనిశాస్త్రం కంటే తెలుగు ఛందస్సులో బాగా దొరికింది. మా నాన్నగారు జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు పండితులు. గణవిభజన చెయ్యకుండా ఆయన మమ్మల్ని బడి దాటనిచ్చేవారు కారు. డెవలప్‌ను ఆ లెక్కలో చూడండి. 'డె' లఘువు, 'వ' లఘువు, పొల్లు 'ప్' వెంట ఉంది కాబట్టి 'ల' గురువు. రెండు లఘువులు, చివర గురువు. అంటే సగణం. తెలుగు చెవి ఒక మాట వినగానే చూసేది నిడివినే. కలం వేరు, కాలం వేరు. పలు వేరు, పాలు వేరు. తెలుగులో ఏ అక్షరాన్ని నొక్కి పలికినా మాట అర్థం మారదు, సాగదీస్తేనే మారుతుంది. కాబట్టి ఏ కొత్త మాట వచ్చినా మన నోరు మాత్రలు లెక్కపెట్టి, దీర్ఘమున్న చోట, ఒత్తుకు ముందు, పొల్లుకు ముందు బరువు వేస్తుంది. ఇది అజ్ఞానం కాదు. వెయ్యేళ్ల పద్యం నేర్పిన శిక్షణ.

ఇంగ్లీషు చెవి దారి వేరు. అక్కడ మాటకొక నొక్కు ఉంటుంది, అది ఎక్కడుందన్నదే మాటకు ఆనవాలు. 'రికార్డ్' అన్న మాటనే తీసుకోండి. మొదటి భాగం మీద నొక్కు పడితే అది వస్తువు, పలకడం కూడా 'రెకర్డ్'కు దగ్గరగా ఉంటుంది. రెండో భాగం మీద పడితే అది పని, అప్పుడే మనకు అలవాటైన 'రికార్డ్' వినబడుతుంది. అక్షరాలు అవే, నొక్కు మారగానే మాట మారింది. వాళ్ల పద్యం కూడా నొక్కుల్ని లెక్కపెట్టి సాగుతుంది, మాత్రల్ని కాదు.

ఈ విషయాన్ని క్లాసులో చెబుతున్నప్పుడు బాపట్ల వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి లేచి, 'అయితే సార్, ఇంగ్లీషు డెవలప్ జగణమా?' అని అడిగింది. సరిగ్గా పట్టుకుంది. భ, జ, స గణాల తేడా తొమ్మిదో తరగతి తెలుగులో అందరూ చదివిందే: గురువు మొదట ఉంటే భగణం, మధ్యలో ఉంటే జగణం, చివర ఉంటే సగణం. పొల్లు ఉన్నప్పుడు 'లప్' లఘువెలా అవుతుందని తెలుగు మాస్టార్లు అడగవచ్చు, ఆ ప్రశ్న న్యాయమైనదే. ఇక్కడ గురువంటే నొక్కు పడిన భాగం, లఘువంటే నొక్కులేని భాగం అని ఒక ఒప్పందం చేసుకుంటున్నాం, అంతే. ఆ ఒప్పందం మీద డెవలప్ విషయంలో మనం చెయ్యాల్సిన పని ఒకే ఒక్కటి: సగణాన్ని జగణం చెయ్యడం. ఆ రోజు నుంచి ఈ మూడు గణాల పేర్లతోనే నేను పాఠం చెబుతున్నాను. పిల్లలకు కొత్త పరిభాష నేర్చుకునే శ్రమ తప్పింది.

నొక్కు తప్పితే ఎంత నష్టమన్నది మన హైదరాబాదులోనే పరిశీలించారు. ఇప్పుడు ఇఫ్లూ అని పిలుచుకునే విశ్వవిద్యాలయం 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్‌గా మొదలైంది. అక్కడి ధ్వనిశాస్త్రవేత్త ఆర్.కె. బన్సల్, భారతీయులు మాట్లాడే ఇంగ్లీషును ఇతర దేశాలవాళ్లకు వినిపించి, ఎక్కడెక్కడ అర్థం కాలేదో, ఎందుకు కాలేదో నమోదు చేశారు. ఆ పరిశోధనను 1969లో ఆ సంస్థే 'ది ఇంటెలిజిబిలిటీ ఆఫ్ ఇండియన్ ఇంగ్లిష్' అన్న పేరుతో ప్రచురించింది. అర్థం కాకపోవడానికి ఆయన గుర్తించిన ముఖ్య కారణాల్లో మాటలో నొక్కు తప్పు చోట పడటం ఒకటి. అందులోని ఉదాహరణలు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. 'అట్మాస్ఫియర్'ను రెండో భాగం మీద నొక్కి పలికితే శ్రోతకు 'మస్ట్ ఫియర్' అని వినబడింది. 'క్యారెక్టర్'ను అలాగే నడిమధ్యన నొక్కితే 'డైరెక్టర్' అని వినబడింది. నొక్కు ఒక్కటి పక్కకు జరిగింది, విన్నవాళ్లు వేరే మాట పట్టుకున్నారు.

వాళ్లు అలా వినడానికి కారణముంది. ఆన్ కట్లర్ అనే భాషాశాస్త్రవేత్త, ఆమె సహచరులు చేసిన ప్రయోగాల వల్ల తెలిసిన సంగతి: గలగలా సాగిపోయే మాటల ప్రవాహంలో ఎక్కడ ఒక మాట ముగిసి ఇంకో మాట మొదలైందో తెలుసుకోవడానికి ఇంగ్లీషు శ్రోత బలమైన అచ్చున్న భాగాన్ని గుర్తుగా పెట్టుకుంటాడు. బలమైన భాగం వినబడగానే ఇక్కడ కొత్త మాట మొదలైందని మనసు అనుకుంటుంది. అందుకే 'అట్మాస్ఫియర్'లో ముందున్న 'అట్' జారిపోయి 'మస్ట్' నుంచి మాట మొదలైంది. మనం 'డె' నిండుగా, 'లప్' ఇంకా నిండుగా పలికితే, ఆ శ్రోత చెవిలో 'డె' దగ్గర ఒక మాట, 'లప్' దగ్గర ఇంకో మాట మొదలైనట్టు ఉంటుంది. రెండో మాట ఏమిటో వెతుక్కునేలోపు మన వాక్యం ముందుకు వెళ్లిపోతుంది. ఫోను లైను బాగోలేకపోతే ఆ వెతుకులాట ఇంకా పెరుగుతుంది.

ఇంకో వాదం కూడా ఉంది, దాన్ని దాచడం సరికాదు. జెన్నిఫర్ జెంకిన్స్ అనే పండితురాలు 2000లో వెలువరించిన పుస్తకంలో, ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లు తమలో తాము మాట్లాడుకునేటప్పుడు ఏ ధ్వనులు తప్పితే అర్థం చెడుతుందో పరిశీలించి, మాటలోని నొక్కును తప్పనిసరి అంశాల్లో చేర్చలేదు. వాక్యంలో ఏ మాటను నొక్కుతామన్నదే ముఖ్యమన్నారు. ఒక తెలుగు ఇంజినీరు చెన్నైలోని తమిళ ఇంజినీరుతో మాట్లాడితే ఆమె మాట నిజమే, డెవలప్ ఎలా పలికినా పని జరుగుతుంది. కానీ నా దగ్గరికొచ్చే పిల్లలు రేపు కూర్చోబోయేది అమెరికా క్లయింటు కాల్‌లో. వాళ్లకు నేను నొక్కు నేర్పకుండా ఉండలేను. పైగా వాక్యంలో ఒక మాటను నొక్కాలంటే, ఆ మాటలో నొక్కు ఎక్కడుందో ముందు తెలియాలి కదా.

యాస మార్చుకోమని మాత్రం ఎవరికీ చెప్పను. అమెరికావాళ్లలా 'ఆర్' చుట్టడం, ముక్కుతో మాట్లాడటం నేర్పే కోచింగులు పిల్లల చేత డబ్బు కట్టించుకుని సిగ్గు నేర్పి పంపుతున్నాయి. మన డకారంలో నాలుక కొంచెం వెనక్కి మడిచి అంగిలిని తాకుతుంది, ఇంగ్లీషువాళ్లది పై పళ్ల వెనకున్న చిగురును తాకుతుంది. ఈ తేడాతో అర్థం చెడదు, వదిలెయ్యండి. డెవలప్‌లో మరో సుఖం కూడా ఉంది. కొన్ని మాటల్లో బ్రిటిషువాళ్లకూ అమెరికన్లకూ నొక్కు వేర్వేరు చోట్ల ఉంటుంది, 'అడ్వర్టైజ్‌మెంట్', 'ల్యాబొరేటరీ' అలాంటివి. ఇందులో ఆ తగవు లేదు. ఏ దేశం వెళ్లినా 'వె' మీదే.

నొక్కమనగానే పిల్లలు చేసే మొదటి పని అరవడం. 'డి-వెల్!-అప్' అని బల్ల గుద్దినట్టు పలుకుతారు. 1950లలో లండన్ యూనివర్సిటీ కాలేజీలో డెనిస్ ఫ్రై అనే ఆయన 'సబ్జెక్ట్', 'ఆబ్జెక్ట్' వంటి మాటల మీద చేసిన ప్రయోగాలు దీనికి సమాధానం చెబుతాయి. శ్రోత నొక్కును గుర్తుపట్టడానికి గొంతు గట్టితనం కంటే నిడివి ఎక్కువ ఉపయోగపడుతుందని, స్వరం పైకీ కిందికీ కదలడం ఇంకా బలమైన ఆనవాలని ఆయన చూపించారు. ఇది మనకు శుభవార్త. నిడివి మన సొంత విద్య. గొంతు పెంచకుండా 'వె'ను కొంచెం సాగదీసి, స్వరాన్ని అక్కడ కాస్త పైకి లేపితే సగం పని అయిపోతుంది. మిగతా సగం, పక్కనున్న రెండింటినీ తగ్గించడం. నిజానికి కష్టమంతా ఈ తగ్గించడంలోనే ఉంది. రాసిన ప్రతి అక్షరానికీ పూర్తి న్యాయం చెయ్యడం తెలుగు నోటికి మర్యాద. ఇంగ్లీషులో నొక్కులేని భాగానికి ఆ మర్యాద ఇస్తే నొక్కు ఉన్న భాగం మునిగిపోతుంది.

క్లాసులో నేను చేయించే పద్ధతి వెనక నుంచి ముందుకు వెళ్తుంది. మొదట 'వెల్' ఒక్కటే అనిపిస్తాను. ఈ 'వె'లో ఒక జాగ్రత్త ఉంది. మన వకారం పళ్లకూ పెదవికీ మధ్య తేలిగ్గా, రాపిడి లేకుండా పుడుతుంది, అందుకే వినేవాళ్లకు అది ఒకసారి ఇటు 'వి'లా, ఒకసారి అటు 'డబుల్యూ'లా తోస్తుంది. ఇక్కడ కావలసింది 'వి'. పై పళ్లను కింది పెదవి లోపలి అంచుకు ఆనించి గాలి వదిలితే పెదవి మీద చిన్న జలదరింపు తెలుస్తుంది. అది తెలిసేదాకా 'వెల్' దగ్గరే ఉంటాం. తర్వాత 'వెలప్', నొక్కు 'వె' మీద, 'లప్' జారిపోతూ. అది నోటికి పట్టాక, ముందు ఒక పొట్టి 'డి' తగిలిస్తాం. ముందు నుంచి మొదలుపెడితే 'డె' దగ్గరే బలమంతా ఖర్చయిపోతుంది, వెనక నుంచి వస్తే 'వె' తన చోట నిలబడి ఉంటుంది. ఆడపిల్లల జడలకుండే రబ్బరు బ్యాండు రెండు చేతుల బొటనవేళ్లకు తగిలించి, 'వె' దగ్గర మాత్రమే సాగదీసి, 'లప్' దగ్గర వదిలేయమంటాను. చేయి కదిలితే నోరు దానితోపాటు కదులుతుంది. ఇది ఇంగ్లీషు నేర్పేవాళ్లు చాలా దేశాల్లో వాడే పాత ఉపాయమే, కానీ తాళం వేస్తూ పాట నేర్చుకునే మన పిల్లలకు ఇంకా త్వరగా అబ్బుతుంది.

తర్వాత కుటుంబం. డెవలపర్, డెవలపింగ్, డెవలప్‌మెంట్, అన్నిటిలోనూ నొక్కు 'వె'ను వదలదు. డెవలప్‌మెంట్‌లో మనం 'మెంట్'ను నిండుగా పలుకుతాం. అక్కడా ష్వానే, 'మన్ట్' అన్నట్టు పొడిగా వినబడాలి. 'డెవలప్‌మెంటల్' అన్న మాటలో మాత్రం నొక్కు 'మెన్' మీదకు దూకుతుంది, 'వె'కు రెండో స్థానం మిగులుతుంది. పిల్లల డాక్టర్ల దగ్గర, స్పెషల్ టీచర్ల దగ్గర ఈ మాట తరచు వింటాం. 'సాఫ్ట్‌వేర్ డెవలపర్' అని రెండూ కలిపి అన్నప్పుడు పెద్ద నొక్కు 'సాఫ్ట్' మీద పడి, 'వె' దగ్గర చిన్న నొక్కు నిలుస్తుంది. ఉద్యోగం పేరు చెప్పుకునేటప్పుడు ఇది గుర్తుంటే చాలు.

భూతకాలం దగ్గర ఇంటర్వ్యూల్లో ఎక్కువగా వినే తప్పు 'డెవలపెడ్'. 'డెవలప్డ్' అని పలికేవాళ్లూ ఉన్నారు. సరైనది 'డివెలప్ట్', చివర 'ట'. మూలపదం 'ప్', 'క్', 'స్' వంటి శ్వాసధ్వనితో ముగిస్తే చివరి 'ఈడీ' 'ట్' అవుతుంది. నాదం ఉన్న ధ్వనితో, అంటే 'ల్', 'న్', 'బ్' లాంటివాటితోనో అచ్చుతోనో ముగిస్తే 'డ్' అవుతుంది. 'ఇడ్' అని విడిగా ఒక భాగంగా వినబడేది మాట 'ట్'తోనో 'డ్'తోనో ముగిసినప్పుడే, 'వాంటెడ్', 'నీడెడ్' లాంటి చోట్ల. ఈ ఒక్క సూత్రం నోటికి వస్తే కొన్ని వందల క్రియలు సర్దుకుంటాయి. రాతలో ఇంకో రెండు పొరపాట్లు చూస్తుంటాను: డెవలప్ చివర 'ఈ' చేర్చడం, భూతకాలంలో 'పీ'ని రెండుసార్లు రాయడం. రెండూ వద్దు. చివరి భాగం మీద నొక్కులేదు కాబట్టే అక్కడ 'పీ' రెట్టింపు కాదు. నొక్కు తెలిస్తే స్పెల్లింగు కూడా దారికొస్తుందన్నమాట.

ఆ అనవసరపు 'ఈ' మనకు ఎక్కడి నుంచి పట్టిందో నాకొక అనుమానం ఉంది. మనం కవరు అనే ఎన్వలప్ చివర 'ఈ' ఉంటుంది, నొక్కు మొదటి భాగం మీద ఉంటుంది. చివరి భాగం 'లోప్' అని వినబడుతుంది. డెవలప్‌ను దాని పక్కనే చూసి చూసి, రాతా పలుకూ రెండూ అటు ఒరిగాయేమో. అదే ఎన్వలప్‌కు 'ఈ' లేని క్రియారూపం ఒకటుంది, చుట్టుముట్టడం అనే అర్థంలో. అది 'ఇన్‌వెలప్', నొక్కు 'వె' మీద, డెవలప్‌కు సరిజోడు.

నిఘంటువు చూసేవాళ్లు అర్థం దగ్గర ఆగకుండా, మాట పక్కన గీతల మధ్య ఉన్న ధ్వనిలిపిని కూడా చూడండి. అంతర్జాతీయ ధ్వనిలిపిలో నొక్కు పడే భాగానికి ముందు, పైభాగాన ఒక చిన్న నిలువు గీత ఉంటుంది. 1917లో లండన్‌లో డేనియల్ జోన్స్ ఇంగ్లీషు ఉచ్చారణకు ప్రత్యేకంగా ఒక నిఘంటువు తెచ్చారు, ఎన్నో కూర్పుల తర్వాత అది ఇప్పటికీ వాడుకలో ఉంది. ఇప్పుడు ఫోనులో స్పీకరు గుర్తు నొక్కితే మాట వినబడుతుంది కూడా. అయితే వినడం ఒక్కటే చాలదు. మన చెవి నిడివికే అలవాటు పడింది కాబట్టి ఎన్నిసార్లు విన్నా మనకు తెలిసిన తీరులోనే వింటుంది. గీత ఎక్కడుందో ముందు చూసి, తర్వాత విని, ఆపైన మీ గొంతు రికార్డు చేసి పక్కపక్కన పెట్టి వినాలి.

డెవలప్ కుదిరాక అదే గణంలో ఉన్న మిగతా క్రియల్ని దాని వెంట వరసగా అనండి: కన్సిడర్, రిమెంబర్, డెలివర్, ఇమాజిన్, ఎగ్జామిన్, డిస్కవర్. అన్నీ మధ్యగురువులే. భగణానికి ఇండస్ట్రీ, క్యారెక్టర్, క్యాలెండర్ తీసుకోండి. ఇండస్ట్రీలో మనవాళ్లు 'డస్'ను నొక్కుతారు, అది 'ఇన్' మీద ఉండాలి. సగణానికి మన ఇళ్లలో కొదవలేని మాట ఇంజినీర్ ఉంది, నొక్కు చివరి 'నీర్' మీద. ఇక జగణాల్లో అందరూ తడబడేది 'డిటర్మిన్'. చివర 'మైన్' అనకండి, 'మిన్' చాలు, నొక్కు 'టర్' మీద.